మాత్ర మింగి పెట్టిన తద్దినము

దుర్ముఖి, పుష్య బహుళ సప్తమి, రాత్రి. కర్నూలు.

ఈ దినము మా తండ్రిగారి ఆబ్దికము. దేహమిచ్చినవారిని ఆ దేహముతోనే కొలువవలసిన దినము.

నిరుడు ఇదే తిథినాడు తుంగభద్రలో మునిగి లేవగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఇసుకలో పడిపోతిని. చన్నీళ్ళు నాకు పడవనీ, మళ్ళీ మునిగితే ప్రాణమే పోవచ్చుననీ డాక్టరు చెప్పినాడు. అందుచేత నేడు వేణ్ణీళ్ళ స్నానము చేసి, ఆయన ఇచ్చిన దద్దుర్ల మాత్ర మింగితిని.

"ఏమన్నా, వేణ్ణీళ్ళ తద్దినమా? నాయన నవ్వుతాడు" అన్నాడు తమ్ముడు.

"నవ్వనీలేప్పా. నిరుడు మనమంతా ఏడ్చింది చాలదా?" అన్నది నా భార్య.

ఒక్క దద్దురు కూడా లేవలేదు. కాని మాత్ర తెచ్చిన మగతలో, పిండప్రదానవేళ తాతగారి పేరు నోటికి రాలేదు. ఇన్ని పురాణములు చెప్పిన నోరు! తమ్ముడే మెల్లగా ఆ పేరు అందించినాడు. అప్పుడు వాడు నవ్వలేదు.

మాత్ర రోజూ వేసుకోవలెనట. పై ఏటికి నాయన పేరే తప్పిపోతే...

నాకు నీళ్ళు వదలబోయే బిడ్డలారా, ఈ వ్యాధి మీదాకా రాకుండు గాక. వచ్చినచో మాత్ర మానవద్దు. నా పేరు గుర్తుకు రాకపోయినా సరే, మీరు నూరేళ్ళు ఆరోగ్యముగా బ్రతుకుదురు గాక.