కోడి ఎగిరితే ఎవరినీ వెలివేయరాదు

ఖమ్మం జిల్లా, పాల్వంచ మండలం, రేగులగూడెం కాపురస్తురాలు, కీర్తిశేషులు మంద యాకోబు గారి భార్య మంద రాహేలమ్మ అను నేను, నా ఇష్టపూర్వకంగా వ్రాయించుచున్న వీలునామా ఏమనగా:

నా వయస్సు డెబ్బై రెండు. మతి స్థిరంగానే ఉన్నది, స్థిరంగా లేనివి మోకాళ్లు. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. ఆ రెండు పనులూ ఈ ఊళ్లో నేనే చేస్తుంటాను. ఇంతకు ముందు ఏ వీలునామా వ్రాయలేదు. దీన్ని జరిపించే బాధ్యత మా పాస్టరు ఏబేలు గారిది. ప్రసంగం పొడుగే గాని మాట తప్పని మనిషి.

1. నా పెంకుటిల్లు, ఇంటి స్థలం, దొడ్లోని చింతచెట్టు నా ఏకైక కుమారుడు దానియేలుకు సర్వహక్కులతో చెందవలెను. వీడు పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఆదివారం గుడిలో గురక పెడతాడు. పెట్టనీ. ఇంట్లో పడుకోకుండా అక్కడికొచ్చి పడుకుంటున్నాడు, నాకదే చాలు.

2. పొరుగింటి సోడె నాగక్కకు నా ఎర్ర పుంజు, రెండు ఇత్తడి బిందెలు. నాగక్క మా గుడికి రాదు, వాళ్ల వేల్పులు వాళ్లకున్నారు. అయినా నాకు జ్వరమొస్తే అందరికన్నా ముందు ఆమె గంజే వస్తుంది. పుంజును కోయరాదని వ్రాయించబోతే, "మరి దేనికిస్తున్నవక్కా?" అన్నది. ఆ షరతు కొట్టేయించాను.

3. నా పెట్టలన్నీ మా సంఘానికి. దీని వెనక ఒక కథ ఉంది. దస్తావేజు వ్రాస్తున్న వెంకటరామారావు గారు వద్దంటున్నా చెబుతాను.

మా సంఘంలో కోతల పండుగ నాడు ఎవరి తొలిపంట వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక వేలం. కొన్నవాళ్లు వస్తువును మళ్లీ గుడికే ఇచ్చేస్తారు, మళ్లీ వేలం. అట్లా ఒక్క గుమ్మడికాయ మధ్యాహ్నం దాకా అమ్ముడుపోతుంది. పోయిన పండుగకు నేనిచ్చిన పెట్టను నా మనుమరాలు సలోమి పట్టుకుని నిలబడింది. పదో తరగతి పిల్ల. కోడి చేయి విడిపించుకుని ఎగిరి, జోరుగా పాట పెంచుతున్న సంఘ పెద్ద పరంజ్యోతి గారి బట్టతల మీద కూర్చుంది. పిల్లలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కొంగు అడ్డం ఉంది గనుక కనపడలేదు. పరంజ్యోతి గారు నిండు సంఘంలో సలోమిని చూస్తూ, "ఇది దేవుని మందిరమా, అంగడా? గిట్ల ఇకిలించేటోళ్లు గుడికి రాకున్నా నష్టం లేదు" అన్నారు.

సలోమిది మాట పడని తత్వం, నా పోలిక. ఆ తర్వాతి ఆదివారం నుంచి రావడం మానేసింది. ఆమె వెంట మిగతా పిల్లలూ ఒక్కొక్కరే జారుకున్నారు. యవ్వనస్థుల కూటం మూతపడింది.

క్రిస్మస్‌కు ఇల్లిల్లూ తిరిగి పాడటానికి ముసలివాళ్లమే మిగిలాం. పెట్రోమాక్స్ దీపం పట్టుకుని, దగ్గుకుంటూ, శ్రుతి లేని గొంతులతో పోతుంటే నాగక్క కంగారుగా బయటికొచ్చి, "ఏందక్కా, ఎవరు పోయిండ్రు?" అని అడిగింది. ఎవరూ పోలేదు, యేసయ్య పుట్టిండని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

కావున నేను పోయిన తర్వాత వచ్చే కోతల పండుగలో నా పెట్టలను వేలం వేయవలెను. వేలం పాడించేది సలోమి. కోడిని పట్టుకుని నిలబడేది పరంజ్యోతి గారు. కోడి ఎగిరితే ఎవరినీ వెలివేయరాదు. పరంజ్యోతి గారు ఇందుకు ఒప్పుకోనిచో పెట్టలన్నీ నాగక్కకు చెందును. ఆమె వేలం వేయదు, కూర వండుతుంది.

4. నా మడత కుర్చీ. చాప మీద కూర్చోలేక గుడికి తెచ్చుకున్నది. దాని మీద పరంజ్యోతి గారికి ఎప్పటినుంచో కన్ను. ఇద్దామనే అనుకున్నాను. అయితే సాక్షి సంతకం పెట్టినవారికి వీలునామాలో ఏం రాసినా చెల్లదని వెంకటరామారావు గారు చెప్పారు. వెంటనే పరంజ్యోతి గారిని సాక్షిగా పిలిపించాను. కుర్చీ యవ్వనస్థుల కూటానికి చెందును, అది మళ్లీ మొదలైతే.

5. నా బంగారు కమ్మలు సలోమికి. దీనికి షరతు లేదు. గుడికి వచ్చినా రాకున్నా కమ్మలు నీవే బిడ్డా.

"ఇంట్ల కూసోని ప్రార్థన చేస్తే దేవుడు ఇనడా, నాయనమ్మా?" అని అడిగావు. వింటాడు. ఆయనకు చెవుడు లేదు. నేను చెప్పేది వేరు. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా అమ్మ పోయింది. దేవుడి మీద కోపంతో గుడిలో వెనక గోడకు ఆనుకుని నోరు మూసుకుని కూర్చునేదాన్ని. ఎవరూ పాడమనలేదు, పొమ్మనలేదు. ఆదివారం పొద్దున్నే సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకుని వచ్చి నాకు తల దువ్వేవాళ్లు. ఒక్కొక్కరిది ఒక్కో తీరు జడ, పాపిట ఎప్పుడూ వంకరే. అట్లా చాన్నాళ్లు గడిచాక ఒకరోజు నాకు తెలియకుండానే అందరితో గొంతు కలిపాను.

నీ వయసులో నమ్మకం ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. లేని రోజున పక్కవాళ్లు నీ వంతు కూడా పాడతారు. ఇంట్లో ఒక్కదానివే ఉంటే ఆ రోజు ఎవరు పాడాలి? పెద్దవాళ్లు నిన్ను బాధపెట్టారు, నిజమే. పెద్దవాళ్లకు బుద్ధి చెప్పడానికైనా పిల్లలు గుడిలో ఉండాలి. నువ్వు లేక అక్కడ నాకు దిగులుగా ఉంది. ఇది షరతు కాదు, ఊరికే చెబుతున్నాను.

పైన వ్రాయించినదంతా చదివించుకుని విని, సరేనని, 1989 మార్చి 9వ తేదీన, రేగులగూడెంలో, సాక్షుల ఎదుట చేసిన సంతకం:

మంద రాహేలమ్మ

దస్తూరి: వెంకటరామారావు, పాల్వంచ

సాక్షులు:

1. కారం బొజ్జయ్య, రేగులగూడెం. (ఎడమచేతి బొటనవేలి ముద్ర)

2. పరంజ్యోతి, సంఘ పెద్ద. మొత్తం విన్నాను. కోడిని పట్టుకుంటాను. కాని ఈమె పోయేదాకా ఆగను. ఈ సాయంత్రమే సలోమి దగ్గరికి పోతున్నా. తప్పయిందని మొదలుపెడతా, ఆ తర్వాత ఏమనాల్నో తోస్తలేదు.