ఆరు సెంట్ల స్థలమూ, పదమూడేళ్ళ అబద్ధమూ

తూర్పు గోదావరి జిల్లా కొత్తపేట కాపురస్తురాలు, సంగాడి నూకయ్య గారి భార్య సూర్యావతి, వయసు యాభై మూడు, అమలాపురంలో దస్తావేజు లేఖరి శ్రీరామచంద్రమూర్తి గారి ఎదుట కూర్చుని, నోటితో చెప్పి రాయించిన వీలునామా.

ఈ నెలాఖరున కాకినాడలో నాకు గుండె ఆపరేషను. లేస్తానో లేదో తెలియదు. నా తెలివి నిలకడగానే ఉంది. నన్నెవరూ బెదిరించి ఇక్కడ కూర్చోబెట్టలేదు. భయమంటారా, అది నాకు పదమూడేళ్ళుగా ఉన్నదే. చెప్పింది చెప్పినట్టు రాయమని మూర్తి గారిని బతిమాలుకున్నాను. "ఇలాంటివి వీలునామాలో రాయరమ్మా" అన్నారాయన. "ఇవి రాయకపోతే నేనింత దూరం రావడమే దండగండి" అన్నాను.

1. కొత్తపేటలో మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఆరు సెంట్ల స్థలమూ, అందులోని పదకొండు కొబ్బరిచెట్లూ, కర్నూలు నుంచి వచ్చేక మేము వేసుకున్న రేకుల షెడ్డూ నా తదనంతరం నా భర్త నూకయ్య గారికి చెందవలెను. ఆయన తర్వాత మా కూతురు నాగదుర్గ సర్వహక్కులతో అనుభవించవలెను. ఈ కాగితంలో కింద రాసింది విన్నాక నా నేల మీద ఉండటం ఆయనకి మనస్కరించకపోతే, అమ్ముకుని ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ఎవరూ అడ్డు చెప్పకూడదు.

2. నా కుట్టుమిషను నాగదుర్గకి. అది ఖమ్మంలో కొన్నది. అప్పుడు మా ఆయన గ్రానైటు రాళ్ళు కోసే చోట పని చేసేవారు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్ల దుమ్మే. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి. నా కోసం అక్కడ రాళ్ళ మధ్య దగ్గుకుంటూ బతికేరు. నీళ్ళంటే భయం, కడలి కనపడని ఊరికి తీసుకుపొమ్మని నేను ఏడిస్తే, కొడుకు పోయిన తల్లి కదా అని, ఎందుకని కూడా అడగలేదు.

3. నా ఇత్తడి బిందె అనంతపురంలో మా ఇంటి యజమానురాలు సుంకమ్మ గారికి చేర్చవలెను. మున్సిపాలిటీ కుళాయికి నాలుగు రోజులకోసారి నీళ్ళు వచ్చే వీధిలో, నాకు ఒంట్లో బాగోలేనన్నాళ్ళూ తన బిందె వెనక్కి జరిపి నా బిందె ముందు పెట్టిన మనిషి. "యా ఊరమ్మా మీది?" అని ఆవిడ అడిగితే ఒంగోలు అని చెప్పేను. ఖమ్మంలో "ఎటు నుంచి వచ్చిండ్రు?" అంటే గుడివాడ అన్నాను. మండపేటలో అయితే రాజోలు అన్నాను. ఏ ఊళ్ళోనూ మా ఊరి పేరు నా నోట రాలేదు. సుంకమ్మ గారికి నేను చెప్పిన అబద్ధాల్లో అది చిన్నదే అయినా, క్షమించమని చెప్పి బిందె ఇవ్వండి.

4. నా చెవి దుద్దులు మనవరాలు దుర్గాశ్రీకి. దానికి మూడేళ్ళు. దానికి ఈత నేర్పించవలెను. ఆపరేషను తర్వాత నేను బతికి బయటపడినా సరే, ఈ విషయంలో నా మాట వినవద్దు. దాని తల్లిని నేను కాలవ గట్టు కూడా ఎక్కనివ్వలేదు. మొన్న అక్టోబరు రెండున కర్నూలులో తుంగభద్ర మా వీధిలోకి వచ్చినప్పుడు, ముప్పావు గంటలో మంచాలు తేలేయి. జాలరి కూతురయ్యుండీ నాగదుర్గ గుమ్మం పట్టుకుని కొయ్యబారిపోయింది. మా ఆయన మెడ లోతు నీళ్ళలో పిల్లని భుజాలెక్కించుకుని ఎదురింటి డాబా మీదకి చేర్చి, మళ్ళీ వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ లాక్కెళ్ళేరు. ఆయనకి అప్పటికి అరవై.

ఆ డాబా మీద రెండు రోజులున్నాం. తాగడానికి పట్టిన వాన చుక్కలే గతి. చుట్టూ ఎర్ర నీళ్ళు, గేదెల కళేబరాలు. దుర్గాశ్రీని ఒళ్ళో పెట్టుకుని మా ఆయన అన్నారు: "ముసలాణ్ణి, నేనే వదల్లేదు దీన్ని. వీర్రాజు గాడు, పాతికేళ్ళ కుర్రాడయ్యుండీ నా కొడుకుని వదిలేశాడు. అసలు వాణ్ణెందుకు తీసుకెళ్ళాలి?" చెప్పేద్దామని నోరు తెరిచి, పిల్ల తల మీద కొంగు సర్ది ఊరుకున్నాను. నీళ్ళు ఇంకో మెట్టెక్కితే చచ్చిపోతాం, చెప్పనవసరం ఉండదు అని కూడా అనుకున్నాను. కూతురూ మనవరాలూ పక్కనుండగా అలా అనుకున్న దాన్ని నేను. అందుకే ఈ వీలునామా.

5. ఇక నా మరిది, నా భర్త తమ్ముడు వీర్రాజు విషయం.

1996 నవంబరు ఆరో తేదీ బుధవారం. మేము కాట్రేనికోన వైపు, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లిపాలెంలో ఉండేవాళ్ళం. మా ఆయన పచ్చకామెర్లతో అమలాపురం ఆసుపత్రిలో ఉన్నారు. నాగదుర్గ మా అమ్మ దగ్గర. ఇంట్లో నేనూ, పదిహేనేళ్ళ మా పెద్దవాడు సత్యదుర్గారావూ. బియ్యం నిండుకున్నాయి. పొద్దున్నే వీర్రాజు వచ్చి, "ఇవాళ వేటకి వద్దండి వదినా, గాలి తీరు బాగాలేదు" అన్నాడు. మావాడు కూడా, "అవునమ్మా, రేపెళ్తాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇంట్లో పొయ్యి వెలగట్లేదు, గాలి చూసుకుని కూర్చుంటారా? మగాళ్ళేనా మీరు?" అన్నాను. చద్దన్నం గిన్నె మావాడి చేతిలో కుక్కి, వీపు మీద చెయ్యేసి గుమ్మంలోంచి తోసేను. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. కోపం వచ్చింది కాబోలు.

సాయంత్రానికి తుపాను గాలి మొదలైంది. ఆ రాత్రి గురించి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

వీర్రాజు మూడో రోజున మడ చెట్ల మధ్య దొరికేడు, చేతుల తోలు ఊడిపోయి. మావాడు రాలేదు. ఆసుపత్రి నుంచి మా ఆయన పడుతూ లేస్తూ వచ్చి, "పిల్లాడేడ్రా?" అని అడిగేరు. వీర్రాజు నోరు తెరిచేలోగా నేనే అన్నాను: "వద్దు వద్దంటున్నా వినకుండా ఈయనే తీసుకెళ్ళేడండీ." వీర్రాజు నా వంక చూసేడు. తర్వాత తల దించుకుని, "ఆయ్. నేనే తీసుకెళ్ళేను" అన్నాడు.

మేము ఊరొదిలింది నీళ్ళకి భయపడి అని అందరూ అనుకున్నారు. నిజానికి నేను ఆ ఒక్క మనిషికి భయపడ్డాను. ఏ రోజు వచ్చి చెప్పేస్తాడో అని. మండపేటలో మా ఆయన రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. ధాన్యం లారీ ఆగితే చాలు, అందులోంచి వీర్రాజు దిగుతాడేమోనని కిటికీ రెక్క మూసేదాన్ని. ఒకరోజు ఎండుచేపలమ్మి నన్ను గుర్తుపట్టి, "మీ మరిదిని ఊళ్ళో ఎవరూ నావ ఎక్కించుకోవట్లేదండి. పిల్లని కూడా ఇవ్వట్లేదంట" అంది. వారం తిరక్కుండా మండపేట ఖాళీ చేయించేను. ఖమ్మంలో మా వైపు మాట వినపడితే చాలు, సంత మధ్యలోంచే వెనక్కి వచ్చేసేదాన్ని. అక్కణ్ణుంచి అనంతపురం.

అనంతపురం వచ్చేడు వీర్రాజు. 2003 వేసవి, మిట్టమధ్యాహ్నం. మా ఆయన ఇంట్లో లేరు. ఎలా తెలుసుకున్నాడో, ఎన్ని బస్సులు మారేడో. నేను తలుపు గడియ వేసేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. బయట నుంచి అన్నాడు: "వదినగారండీ, భయపడకండి. నేనెవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. అన్నయ్య ఎలా ఉన్నాడో చూసి పోదామని వచ్చేనంతే." నేను గడియ తీయలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. చాలాసేపటికి తలుపు తీస్తే, గుమ్మంలో ఎండు మెత్తళ్ళ పొట్లం ఉంది. మా ఆయనకి చేపల వాసన తెలిసిపోతుందని దాన్ని గొయ్యి తీసి పాతిపెట్టేను. రెండేళ్ళలో నాగదుర్గకి కర్నూలు సంబంధం రాగానే, మేమూ దాని వెనకే కర్నూలు వెళ్ళిపోయేం.

వీర్రాజు నా కొడుకుని తీసుకెళ్ళలేదు. నేను తోసేను. ఇది నా వాంగ్మూలం.

అతనికి ఇప్పటికీ పెళ్ళి లేదు. పై స్థలంలో తూర్పు వైపు రెండు సెంట్లూ, మూడు చెట్లూ అతనికి చెందవలెను.

పైనంతా మూర్తి గారు నాకు చదివి వినిపించేరు. నేను పోయేక తెరవమని చెబుదామనే వచ్చేను. అది కూడా తలుపు గడియ వేసుకోవడమే అనిపించింది. బయట బల్ల మీద కూర్చున్న నా భర్తనీ, కూతుర్నీ, సాక్షి సంతకానికని నా కబురు మీద కాట్రేనికోన నుంచి వచ్చిన వీర్రాజునీ లోపలికి పిలిపించి, మళ్ళీ మొదటి నుంచీ చదవమన్నాను. తర్వాత జరిగింది కూడా రాయమంటున్నాను.

చదవడం అయ్యేక నా భర్త లేచి బయటికి వెళ్ళిపోయేరు. నాగదుర్గ నా వంక చూడకుండా ఏడుస్తోంది. అరగంటకి ఆయన తిరిగొచ్చి, తమ్ముడి ముందు నిలబడి, "ఇన్నేళ్ళూ నన్ను తిట్టనిచ్చేవేంట్రా?" అన్నారు. వీర్రాజు, "వాడు నా చేతుల్లోంచి జారింది నిజమే కదన్నయ్యా. సగం తిట్లు నావే. ఆ మిగతా సగం కూడా మోస్తే వదిన బతుకుతుంది కదాని" అన్నాడు. ఆయన తమ్ముడి చేతులు పట్టుకుని, ఆ పాత మచ్చలు తడిమి చూసుకుంటూ ఉండిపోయేరు.

ఆస్తి తీసుకునేవాడు సాక్షి సంతకం పెట్టకూడదని మూర్తి గారు చెప్పేరు. "అయితే నా వాటా కొట్టేయండి. నేను సాక్షిగా ఉంటాను" అన్నాడు వీర్రాజు. అతని కోరిక మీద 5వ అంశంలోని రెండు సెంట్లూ మూడు చెట్లూ రద్దు చేయడమైనది. మిగిలిన మాటలు మాత్రం ఉంచవలెను.

నా భర్త నాతో ఇంకా మాట్లాడలేదు. కింద ఆటో ఆగి ఉంది. అందరం అందులోనే వెళ్ళాలి. ఇంటికెళ్ళేక ఆయన ఏమంటారో, ఏమీ అనరో తెలియదు. నా సంతకం వంకరగా ఉంటుంది. అది నాదే.

అమలాపురం, 2009 డిసెంబరు 14, సోమవారం.

(సం.) సంగాడి సూర్యావతి

సాక్షులు:
1. (సం.) సంగాడి వీర్రాజు, పల్లిపాలెం
2. (సం.) వీరన్న, జిరాక్సు షాపు, అమలాపురం

లేఖరి: (సం.) శ్రీరామచంద్రమూర్తి