కీబోర్డులో నా జముకు

గాజువాక

అన్నయ్యకు నీ తమ్ముడు అప్పన్న దండాలు. నువ్వు, వదిన, పిల్లలు కులాసా అని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాప మిమ్మల్ని సతాయిస్తోందా? తల్లి లేని పిల్లను వదిన తన పిల్లల్లో కలుపుకుని సాకుతోంది, ఆ రుణం తీరేది కాదు. నేనిక్కడ బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

బాగానే ఉన్నానని రాశాను గానీ, నీ దగ్గర దాచలేను. పోర్టులో పని ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఓడల్లోకి పోసే ఇనుప ఖనిజం ధూళి అన్నం ముద్ద మీద కూడా పడుతుంది. పాట ఎత్తితే దగ్గొస్తోంది. గదిలో మిగతా ముగ్గురూ టీవీకి అతుక్కుపోతారు. అందులో ఎక్కడెక్కడి దేశాల పాటలో వస్తాయి, మన జముకుల కథ ఒక్కటే రాదు.

బీచి దగ్గర హోటల్లో విదేశీయుల ముందు జముకు తీగ మీటి వాయిస్తున్నానని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఆ పని పోయింది. అక్కడ కీబోర్డు వాయించే రాజు ఒకరోజు, "ఓపాలి మీటు బావా, భలేగుంది, రికార్డు సేసుకుంతాను" అన్నాడు. నేను పొంగిపోయాను. నువ్వు కథ చెబుతుంటే యుద్ధానికి ఎలా మీటుతానో, ఏడుపుకి ఎలా మీటుతానో అన్నీ వాయించాను. ఊళ్లు తిరిగి ఇంటికొచ్చేటప్పుడు మలుపులో వాయిస్తానే, అది విని పాప ఎదురు పరిగెత్తుతుందే, ఆ పిలుపు కూడా. వాడు అడక్కుండానే వాయించాను.

తర్వాతి వారం వెళితే, "ఇంకెందుకు మోసుకొచ్చీసినావు బావా? నీ జముకు ఇందులో ఉండిపోనాది" అని మీట నొక్కాడు. నా చేతి దెబ్బే అన్నయ్యా. నా వంకర వేలు తీగ మీద తడబడే చోటు కూడా అలాగే వినిపించింది. చంకలో జముకు పెట్టుకుని వింటూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

నిన్న రాజు బజారులో కనిపించాడు. "మీ ఊరి నూకాలమ్మ పండక్కి మా ఆర్కెస్ట్రాయే బావా. మీ పెద్దలొచ్చి మాటాడీసినారు" అన్నాడు. నీకు తెలుసా? తెలిసే నాకు రాయలేదా? నాన్న కాలం నుంచీ అమ్మవారి ముందు కథ మనది కదా.

పెద్దల కాళ్లు పట్టుకునైనా అడుగు. ఆర్కెస్ట్రా వద్దనను. దానికి ముందు ఒక్క గంట మనకిమ్మను. సెలవు పెడితే పనిలోకి రానివ్వనని మేస్త్రీ అంటున్నాడు. పోతే పోనీ, నువ్వు కబురంపితే వచ్చేస్తాను. ఆ గంట కూడా పోతే ఇక ఈ జముకు ఎవరి కోసం పట్టుకోవాలో చెప్పు.

వదినకు, పెద్దనాన్నకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకునే రోజూ పనిలోకి దిగుతున్నాను, దీవించు.

ఒకవేళ వాళ్లు ఒప్పుకోకపోతే, పండగ సాయంత్రం పాపను వదిన ఒళ్లోంచి దిగనివ్వకండి. రాజు ఆ మీట నొక్కుతాడు. నేనొచ్చాననుకుని అది జనంలోకి పరిగెడుతుంది. స్టేజీ చుట్టూ నా కోసం వెతుకుతుంది.

నీ తమ్ముడు
అప్పన్న