దుర్గ్ షాపు చీర

మంగళవారం రాత్రి, భిలాయి

చీరల కొట్టు పెట్టుకున్నవాణ్ణి నేను. నా పెళ్లాం సుజాత ఈరోజు పక్కూరు దుర్గ్‌లో కొత్త షాపుకెళ్లి చీర కొనుక్కొచ్చింది.

"ఇదేటి?" అన్నాను.

"ఫోన్‌కి మెసేజ్ వచ్చిందండి. ముదురాకుపచ్చ, సన్నంచు. అచ్చం నాకు నచ్చేదే" అంది సంబరంగా.

తను ఫోన్‌లో ఏ చీర ఫొటో దగ్గర ఎంతసేపు ఆగిందో ఆ షాపువాళ్ల ఏఐ గమనిస్తుందట. దాన్నిబట్టి కొత్తవి చూపిస్తుందట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ రంగు మన కొట్లో లేదా?"

"ఉన్నాది. మీరు ఇంటికి తెచ్చేవి మాత్రం అమ్ముడుపోనివే కదా."

సాయంత్రం అది కట్టుకుని, ఎలా ఉందని అడిగింది. చాలా బాగుంది. ఆ మాట అనలేకపోయాను.

"ఉతికితే రంగు పోతాది" అన్నాను.

ఆమె ముఖంలో సంబరం పోయింది. అది చూసి నాకు కాస్త హాయిగా అనిపించింది. ఆ హాయే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.