నేనింకా పళ్ళ డాక్టర్ని కాలేదు

బ్రాడీపేట, ఆదివారం

నాన్నా, నీ మీద కోపం తప్ప నేను బాగానే ఉన్నాను. నేనింకా నీట్ పరీక్షే రాయలేదు, నువ్వేమో నన్ను అప్పుడే పళ్ళ డాక్టర్ని చేసి ఊరంతా చెప్పుకుంటున్నావా? నిన్న మిర్చి యార్డుకొచ్చిన యలమంద బాబాయ్ నేరుగా మా హాస్టల్‌కొచ్చి, వార్డెన్ ముందే నోరు తెరిచి, "అమ్మాయీ, ఈ పన్ను కదులుతోంది, పీకెయ్" అన్నాడు. పిల్లలంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

సరే కదాని వార్డెన్ ఫోను లైటు వేయించి చూశాను. గుట్కా పెట్టుకునే వైపు బుగ్గ లోపల తెల్లగా మచ్చ కట్టి ఉంది. అడిగితే "కారం తగిలితే మండుద్ది, అంతే" అన్నాడు. అదేంటో చెప్పేంత చదువు నాకింకా రాలేదు. పెద్దాసుపత్రికి పోదాం రమ్మంటే, "నువ్వు పాసయ్యాక నువ్వే చూద్దువుగానిలే" అని నవ్వుకుంటూ ఆటో ఎక్కేశాడు. ఇదంతా నీ గొప్పల వల్లే!

పత్తి తీత అయిందా? అమ్మ పంపిస్తానన్న గోంగూర పచ్చడి ఏదీ? నానమ్మకి నా దండాలు.

కావాలనే కార్డు మీద రాశాను. పోస్టుమ్యాన్ దగ్గర్నుంచి బాబాయ్ దాకా అందరూ చదవనీ. ఈ కార్డు అందగానే ఆయన్ని నువ్వే ఆసుపత్రికి తీసుకురా. ఆ మచ్చ నా పరీక్ష కోసం ఆగదు.

ఇంకా డాక్టరు కాని నీ కూతురు,
శ్రీదివ్య