మొదలు అరిగిన ఈటె

కైమాటు దీవి,
కృత్తికలు పడమటికి దిగిన నెల, వెన్నెల పెరిగే రోజులు.

చిరంజీవి రోటియాకి,

తాత నమోరికి దీవించి రాసేది. నీ కాళ్ళ కింద ఇసుక గట్టిగా ఉండాలి, నీ కుండలో తియ్యనీళ్ళు ఉండాలి. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. మారెంగ దిబ్బ మీద నువ్వూ, నీతోపాటు నేర్చుకుంటున్నవాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

నాకు ఉత్తరం రాయడం చాతకాదు. ఊరి బడిలో అక్షరాలు వచ్చేదాకా కూర్చున్నాను, మాటలు వచ్చేదాకా కూర్చోలేదు. మీ అమ్మ రాసిపెడతానంది. వద్దన్నాను. నువ్వు నాకు రాశావు, జవాబు నేనే రాయాలి.

ముందు ఇంటి సంగతులు. వెనకాల సీమపనస ఈసారి విరగకాసింది. మీ అమ్మ కాయల్ని నిప్పుల్లో వేసి మరిచిపోయి, మాడితేనే రుచి అని అందరికీ పంచిపెట్టింది. అందరూ తిన్నారు. ఎవరికీ ఎదురు చెప్పే ధైర్యం లేదు. నువ్వు పెంచిన పంది చేమ గుంటలోకి దిగి ఆకులన్నీ నమిలేసింది. దాన్ని నీ పేరు పెట్టే తిడుతున్నారు. నేను కల్లుకి చెట్టెక్కడం మానేశాను. మోకాళ్ళు మాట వినడం లేదు. కింద నిలబడి ఎక్కేవాళ్ళకి సలహాలు చెబుతున్నాను. “నువ్వే ఎక్కిన రోజుల్లో ఇన్ని మాటలు లేవు తాతా” అంటున్నారు.

ఆ మోకాళ్ళ వల్లనే, సముద్రం లోపలికి వచ్చే గండిలో నా చోటు ఖాళీ అయింది. అందులో నిన్ను నిలబెట్టడానికి పెద్దలు ఒప్పుకున్నారని రాశావు. ఆ ముక్క మీ అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె మొహం పక్కకి తిప్పుకుని పొయ్యి ఊదింది. పొయ్యిలో నిప్పు లేదు.

ఆ తరవాతి ముక్క ఆమెకి చదవలేదు.

నీతో నేర్చుకునే కబునారే నిన్ను ఏడిపిస్తున్నాడని రాశావు. “మీ తాత బతుకంతా గండిలో నిలబడ్డాడు. ఒక్క పన్నయినా తెచ్చాడా? పెద్ద మలుగుని కౌగలించుకుని వచ్చేవాడేమోలే” అన్నాడట. దిబ్బ మీద అందరూ నవ్వారట. నువ్వు గుప్పెట్లో ఇసుక పట్టుకుని ఒట్టేశావట, ఈ పెద్ద పోటుకి ఆ పాముచేప నోట్లో ఈటె దించి, పన్ను పీకి, ఊరంతా కూడే మనేబా దూలానికి వేలాడదీస్తానని. నా ఈటె పంపమన్నావు. దానికి కట్టిన సొరచేప పళ్ళన్నీ పదును పెట్టించి మరీ పంపమన్నావు.

ఇంకేం రాసిందని మీ అమ్మ అడిగింది. బాగానే తింటోందట అన్నాను.

కబునారే మీద నాకు కోపం రాలేదు తల్లీ. తెనానో గుర్తొచ్చాడు. వాడుంటే ఆ మాట విని ఇసుకలో పడి దొర్లి నవ్వేవాడు.

నీకు తెలిసిన తెనానో తాత నడుం వంగినవాడు. దక్షిణపు ఒడ్డున మడ మొక్కలు నాటుకుంటూ ఉండేవాడు. ప్రవాహంలో కాళ్ళు ఎలా పాతుకోవాలో నీకు నేర్పింది వాడే. ఈటె విసరడం మాత్రం నేర్పలేదని నువ్వు అలిగి వాడితో మాట్లాడడం మానేశావు. నాకు తెలిసిన తెనానో వేరు. ఎగిరే చేప నీళ్ళ మీదికి లేచి మళ్ళీ పడేలోపు దాన్ని ఈటెతో కొట్టేవాడు. వాడు విసిరితే మేం ఈటె వంక చూసేవాళ్ళం కాదు, చేపని వండటానికి పుల్లలు ఏరడానికి పోయేవాళ్ళం.

మేమిద్దరం కూడా ఆ దిబ్బ మీదే నేర్చుకున్నాం. ఇప్పుడు నువ్వు పడుకునే చోటే పడుకుని ఉంటాం. ఆకలి వేసేది. తెనానో పిట్టల గుడ్లు దొంగిలించి, పెంకులు నా చాప కింద దాచేవాడు. దెబ్బలు నాకు. “నువ్వు మాట్లాడవు కదరా, నీ మీద వేస్తే గొడవుండదు” అనేవాడు. ఆ మాటకీ నేను ఏమీ అనలేదు. వాడన్నది నిజమే కదా.

ముళ్ళచేప టోపీలు చేసుకునే రోజు ఇంకా కళ్ళకి కడుతుంది. నువ్వూ ఈపాటికి చేసుకునే ఉంటావు. చేపని బాగా ఉబ్బనిచ్చి, ఇసుకలో పాతి, గట్టిపడ్డాక తియ్యాలి. తెనానోకి ఓపిక ఎక్కడిది? ముందే తవ్వేశాడు. టోపీ ఒక పక్క సొట్టపోయింది, కుళ్ళు కంపు. అదే పెట్టుకుని తిరిగాడు. మలుగు తన దగ్గరికి రానక్కర్లేదు, గాలి అటు మళ్ళితే చాలు, తిరిగి పారిపోతుంది అనేవాడు. మాకు నేర్పే ముసలాయన అది విని, “ఈ టోపీ తలకాయ కాపాడుకోవడానికి కాదురా, మొహం దాచుకోవడానికి” అన్నాడు. మేం అది వేళాకోళం అనుకున్నాం.

కవచాలు మా అమ్మలు అల్లారు. కొబ్బరిపీచు తాడు మధ్యలో తమ జుట్టు కలిపి గీతలు వేశారు. నాకు ముగ్గుల గీతలు నచ్చవు, నేనేమన్నా పెళ్ళికూతురినా అని తెనానో గోల. “నీ మొహం చేపలు తినేస్తే, ఒడ్డుకి కొట్టుకొచ్చినవాడు నా కొడుకేనని గుర్తుపట్టొద్దా? కట్టుకో నోరు మూసుకుని” అంది వాళ్ళమ్మ. వాడి నోరు మూయించగలిగింది ఆవిడ ఒక్కతే.

ఆ ఏడు మనేబాలో శంఖం ఎవరూ ఊదకుండానే మోగింది. ఏటా మోగేదే. కానీ మన చెవులకి అదే మొదటిసారి మన కోసం మోగినట్టు ఉంటుంది, నువ్వే చూస్తావుగా. వరసగా గండిలో దిగాం. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే తెనానో, “ఒరే, అది నీ చప్పుడుకే భయపడిపోయేలా ఉంది” అన్నాడు. అంతలో బయటి సముద్రం నల్లగా వంగింది. పెద్ద మలుగు వచ్చింది. మూడు పడవలు వరసన కట్టినంత. మన చేమ గుంటల తియ్యనీళ్ళ వాసనకి వస్తుందని, గండి దాటి లోపలికి వస్తే ఊరు మిగలదని, ఆటు తీసేదాకా ఆపి వెనక్కి పంపాలని మనందరం పాలతోపాటు విన్నదే కదా.

తల ఎత్తి నోరు తెరిచింది. తెనానో చేతిలో ఈటె లేదు. ఎప్పుడు విసిరాడో నేను చూడలేదు. ఎడమ దవడ కింద దిగింది.

దాని మీద పాట ఉంది. నువ్వు చిన్నప్పుడు పాడుతూ గెంతేదానివి. తెనానో ఈటె, తెనానో ఈటె అని. పాటలో లేనిది నేను రాస్తాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. వరసలో పాతవాళ్ళు ఒక్కరు కూడా కేక వెయ్యలేదు. ఆటుకి అది వెళ్ళిపోయింది. ఆ వానాకాలంలోనే సముద్రం దక్షిణపు కొస మీదికి వచ్చి కూర్చుంది, తిరిగి పోలేదు. తెనానో వాళ్ళమ్మ చేమ గుంటలు అక్కడే ఉండేవి. వాళ్ళ తాతల సమాధులూ అక్కడే.

మన కట్టుబాటు నీకు తెలుసు. చంపినవాడి నేల చచ్చినవాడి మనుషులకి పోతుంది. నెత్తురు చూస్తే నెత్తురుకి తగినంత పోతుంది. అందుకే మన పిల్లలు కొట్టుకున్నా కర్రలతోనే కొట్టుకుంటారు. మలుగుకి మనుషులెవరు? సముద్రమే. దాని వాటా అది తీసుకుంది.

తెనానోని ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ళమ్మకి తలా ఒక గుంట వదిలిపెట్టాం. ఆవిడ మా గుంటలో చేమ తవ్వుకుంటూ, “మీ దుంప తీపి తక్కువ” అని మా అమ్మతో రోజూ పోట్లాడేది. ఇద్దరికీ ఆ పోట్లాటతో పొద్దు గడిచేది. తెనానో మళ్ళీ గండిలో దిగాడు, ఏటా దిగాడు. ఈటె మాత్రం ఎవరికీ నేర్పలేదు. మిగిలిన రోజుల్లో మడ మొక్కలు నాటాడు. కిందటి చలిగాలుల్లో పోయేముందు, ఎన్ని బతికాయో చూసి రమ్మని నన్ను పంపాడు. చాలానే బతికాయిరా అని వచ్చి చెప్పాను. నిజంగానే బతికాయి. ఇప్పుడు వాటి వేళ్ళ మధ్య ఇసుక నిలుస్తోంది. సాయంత్రాలు అక్కడికే పోయి కూర్చుంటాను. మాట్లాడేవాడు పోయాడు, వినేవాడు మిగిలాడు.

పన్ను పీకితే చంపినట్టు కాదుగా అని నువ్వు రాశావు. ఈటె నోట్లోకి పోయాక ఎక్కడ ఆగాలో దానికెలా తెలుస్తుంది? తెనానో తరవాత కొత్తవాళ్ళకి అటొకరు ఇటొకరు పాతవాళ్ళు నిలబడుతున్నారు, చెయ్యి పట్టుకోవడానికి. నీ చెయ్యి వేగం వాళ్ళకి అందదు. నువ్వు రాయి విసరడం చూసిన రోజే తెనానో నాతో అన్నాడు, “నీ మనవరాలికి నా చెయ్యి వచ్చిందిరా, పాపం” అని.

ఈటె పంపుతున్నాను. పదును పెట్టించలేదు. నువ్వు చిన్నప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, “తాతా, దీని పళ్ళేమో కొత్తగా ఉన్నాయి, మొదలేమో రోకలిలా అరిగిపోయింది, ఎందుకని?” అని అడిగావు. ముసలివాడికి ఊతకర్రరా అన్నాను. నమ్మేశావు. ఇప్పుడు కూడా నమ్ము. విసరడానికి ఎత్తకు, చేయి కిందే ఉంచు. ఇంతకన్నా చెప్పడానికి నాకు మాటల్లేవు.

మీ అమ్మ ఎండు మొగలిపండు పిండి కట్టి పంపుతోంది. కబునారేకి కూడా కొంచెం పెట్టు. తింటున్నంతసేపూ మాట్లాడడు.

నీ మేలు కోరే తాత,
నమోరికి

తా.క. ఉత్తరం మడిచి, మొగలాకు చుట్టి, తాడు కూడా కట్టాను. గాలి తిరిగితేగానీ కదలం అన్నారు పడవ వాళ్ళు. ఇంటికి తెచ్చి తాడు విప్పాను.

గండిలో నిలబడినవాళ్ళు, నిలబడనివాళ్ళకి చెప్పకూడని మాట ఒకటి ఉంది. కోపంతో దిగినవాళ్ళు మలుగుని తమ కళ్ళతో చూసి, ఆ కోపం నీళ్ళలో వదిలి పైకి రావాలి. మన పరీక్ష అంతా అదే. చెప్పానని తెలిస్తే మనేబాలో నా చాప చివరికి జరుపుతారు. జరపనీ. తెనానోకి ముందుగా ఎవరూ చెప్పలేదు.

దానికి పళ్ళు లేవు రోటియా.

మా మొదటి పోటుకే లేవు. నోరు తెరిస్తే మా అవ్వ నోరులా ఉంది, ఒట్టి చిగుళ్ళు. తెనానో చూశాడు, నేనూ చూశాను. ఈటె అప్పటికే చెయ్యి దాటింది.

అది తియ్యనీళ్ళ కోసం రాదు, ఊరి కోసం రాదు. ముసల్ది. చూపు లేదు. పెద్ద పోటు తోసుకొస్తే గండిలో పడుతుంది. ఇరుకులో తనంతట తను వెనక్కి తిరగలేదు. లోపలికి జారితే లోతు చాలక చచ్చిపోతుంది. అది ఇక్కడ చస్తే సముద్రం అడిగే నేల ఎంతో, ఆ తరవాత మనం నిలబడటానికి ఏం మిగులుతుందో నువ్వే ఆలోచించు. అందుకని ఆటు తీసేదాకా అందరం పట్టుకుని, మెల్లగా తిప్పి, ఇంటికి సాగనంపుతాం. పొట్ట కింద ఈటె మొదలు ఆనించి దొర్లించాలి. మొదలు అరిగింది అందుకే. టోపీలు ఎందుకో కూడా లోపలికి దిగాక నీకే తెలుస్తుంది. కబునారే ఊరికే అన్నా ఉన్నమాటే అన్నాడు. నేను కౌగలించుకునే వచ్చేవాణ్ణి. వాడి వంతు వచ్చిన రోజున, టోపీ తీశాక వాడి మొహం చూడు. నువ్వేమీ అనకు.

నువ్వు మాత్రం అందరితోపాటు కేకలు వెయ్యి. ఒడ్డున పిల్లలు చూస్తుంటారు.

ఎడమ దవడ కింద మచ్చ ఉంటుంది. అక్కడ ముట్టుకోకు, ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. కుడివైపుకి వెళ్ళి అరచెయ్యి ఆనించు. నేనెప్పుడూ నిలబడే చోటు అదే. చెయ్యి తగలగానే కాసేపు కదలదు. ఏటా అంతే, ఎవరో తెలుసుకుంటుంది. తెలిశాక బరువంతా మన మీద వదిలేస్తుంది. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతుందేమో. నువ్వు కంగారుపడకు, చెయ్యి తియ్యకు. నీ చేతులు అచ్చం నావేనని మీ అమ్మ అంటూ ఉంటుంది.