మీ చెప్పులు వేసుకెళ్తున్నా

ఏమండీ, కుక్కర్ దించాను. ఆవిరి పోయాకే మూత తీయండి. ఎవరైనా కుట్టడానికి బట్టలు తెస్తే తీసుకుని ఉంచండి, రేపటి నుంచి మిషన్ ఎక్కుతానని చెప్పండి. ఈసారి గంటకోసారి లేచి తిరుగుతూ కుడతాను లెండి.

నేను నడవడానికి వెళ్తున్నాను. అవును, ఈ నడుంతోనే. నెల రోజులుగా మంచం దిగితే చాలు, "పడుకోవే, పడుకుంటేనే తగ్గుతుంది" అని నా ప్రాణం తోడేస్తున్నారు. నిన్న ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి మీ ఎదుటే చెప్పింది కదా, పొద్దస్తమానం వంగి కూర్చునే ఈ నొప్పి తెచ్చుకున్నానని, ఇలా పడుకునే ఉంటే ఇంకా బిగుసుకుపోతుందని, రోజూ నడవాలని. మీరు బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చి నా చెప్పులు దాచేశారు! ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంత పిల్లచేష్ట ఎరగను.

మీ భయం నాకు తెలుసు. ఆ రోజు నేను మిషన్ దగ్గర్నుంచి లేవలేకపోతే, నాకంటే ముందు మీ కళ్ళే తడిశాయి. అలాగని మీ భయం తీరేదాకా మంచానికి అతుక్కుపోలేను.

మీ చెప్పులు పడవల్లా ఉన్నాయి. వీధంతా నవ్వినా సరే, పార్కు చుట్టూ రెండు చుట్లు తిరిగే వస్తాను.

మరిచాను. నా చెప్పులు వాషింగ్ మెషిన్ వెనకున్నాయని పొద్దున్నే చూశాను. కావాలనే తీయలేదు. మీకున్నది ఈ ఒక్క జతే కదా, నేనొచ్చేదాకా గడప దాటకుండా కూర్చోండి. నెల రోజులు నేనెలా ఉన్నానో గంటలో తెలుస్తుంది.